దాన్నయితే కొట్టావు

పది నిమిషాలు కూర్చోమన్నారు. పది నిమిషాలంటే ఎంతని, పొయ్యి మీద చోడి అంబలి ఒక పొంగు రావడానికైనా చాలదు, కొండ మీది కాఫీ తోట నుంచి ఇంటి గుమ్మం దాకా దిగడానికైనా చాలదు. అయినా ఒక కాలు పొట్టిదై అటూ ఇటూ ఊగే ఈ నీలం ప్లాస్టిక్ కుర్చీలో, పసుపు కార్డు తిని కూర్చున్న సోములమ్మకి అవి పది నిమిషాల్లా లేవు. పక్కన బల్ల దగ్గర గొడుగేసుకుని కూర్చున్న మేడం చేతిలో స్టాప్‌వాచీ ఉంది. చూడకూడదనుకుంటూనే చూస్తోంది. తొమ్మిదీ నలభై. ఎదురుగా అరకు గ్రౌండులో ఆడవాళ్ళ హాకీ ఫైనలు, ముంచింగిపుట్టు ఒకటి, డొంకరాయి సున్నా, ఆట ఇంకో పన్నెండు నిమిషాలుందనగా ముంచింగిపుట్టు లెఫ్టు బ్యాకు బయటికొచ్చి కూర్చుంది, అంటే తనే. పదకొండు మంది ఆడాల్సిన చోట పది మంది ఆడుతున్నారు, తను నిలబడాల్సిన చోటు కంచెలో కన్నంలా కనబడుతోంది, ఆగస్టు ముసురు సన్నగా పడుతూనే ఉంది, కొండ మీది మబ్బు మెల్లగా దిగి అవతలి గోలు వెనకాల చెట్లని మింగేసింది. ఆమె బుర్రలో తిరుగుతున్నవి ఇవేవీ కాదు. కార్డు తిని బయటికి నడిచొస్తూంటే, అవతలి జట్టులో ఆడుతున్న నేస్తం పక్కనుంచి పోతూ ఒక మాట అంది. ఆగలేదు, తల తిప్పలేదు. దాన్నయితే కొట్టావు, అని పోతూ పోతూ అనేసి వెళ్ళిపోయింది.

దాన్ని అంటే భానుశ్రీని. డొంకరాయి సెంటర్ హాఫు, పొడుగు మనిషి, నవ్వుమొహం, ఆ నవ్వు నవ్వుతూనే అంపైరు అటు తిరిగినప్పుడల్లా మన జట్టు ఫార్వర్డు హేమలత చీలమండ మీద కర్రతో ఒక్కటి తగిలిస్తోంది. ఒకసారి తగిలింది, సరే ఆట అనుకుంది సోములమ్మ. రెండోసారి తగిలింది, హేమలత కుంటింది, కుంటుతూనే లేచి పరిగెత్తింది. మూడోసారి తగిలినప్పుడు ఇక అనుకోవడమేమీ లేదు, కాళ్ళే వెళ్ళాయి, బంతి ఎక్కడో ఉంది, తను నేరుగా భానుశ్రీ మీదికే వెళ్ళింది, కుడి భుజం ముందుకి పెట్టి. కాఫీ బస్తాలు మోసిన భుజం అది, పదహారేళ్ళ నుంచి మోస్తోంది, తడి బస్తా పొడి బస్తా తేడా ఒంటికి తెలుస్తుంది, భానుశ్రీ పొడి బస్తాయే పాపం, ఎగిరి బురదలో రెండు దొర్లులు దొర్లింది. లేచి మళ్ళీ అదే నవ్వు. బలేగా కొట్టావు వదినా, అంది కూడా. దానికీ తనకీ ఏ పగా లేదు, మ్యాచయ్యాక ఇద్దరూ ఒకే కుళాయి దగ్గర కాళ్ళు కడుక్కుంటారు. కొట్టిన దెబ్బకి కొట్టించుకున్నవాళ్ళకే లేని బాధ నేస్తానికెందుకో.

హాకీలో ఒంటికి ఒళ్ళు తగలకూడదని రూల్సు పుస్తకం చెబుతుంది. లీగు మ్యాచుల్లో అంపైరు కూడా అదే చెబుతాడు, మోచెయ్యి ఆనితే ఈల, కర్ర లేస్తే ఈల. నాకౌటు దగ్గరికొచ్చేసరికి ఆ ఈల ఏ జేబులోకి పోతుందో ఆ అంపైరుకే తెలియాలి. ఓడితే ఇంటికే అన్న రోజున అందరి ఒళ్ళూ బరువెక్కుతాయి, భుజాలకి ముళ్ళు మొలుస్తాయి, హేమలతలాంటి చిన్న గుంటలు, ఆడపిల్లలు, గోలు కొడతారు గానీ ఆ గోలు దాకా వాళ్ళని చెయ్యిపట్టుకుని తీసుకెళ్ళడానికి పెద్ద ఒళ్ళున్నవాళ్ళు ఒకరు కావాలి. మనవాళ్ళని ముట్టుకుంటే ఊరుకోరని అవతలివాళ్ళకి తెలిసేలా ఒకరు నిలబడాలి. జట్టులో సోములమ్మ పని అదే. బంతి నేర్పుగా ఆడటం ఆమెకి రాదు, వస్తుందని ఎవరూ అనలేదు. పైడయ్య సారైతే మొహం మీదే అనేస్తారు. ‘నీకు బంతితో పనేటే, మనిషితో సూసుకో.’ బొబ్బిలి వైపు మనిషి ఆయన, ఆశ్రమ పాఠశాలలో డ్రిల్లు మాస్టారుగా కొండెక్కి, రిటైరయ్యాక కూడా దిగలేదు. హేమలత మీద ఈగ వాలినా ఆ ఈగ సోములమ్మకి జవాబు చెప్పాలి. అది ఆమె గర్వం, దాచుకోదు. ఇంట్లో బుధు, ఆమె మొగుడు, అంటాడు, నాకొక్కడికే కాదర్రా దెబ్బలు, జిల్లా మొత్తానికీ పంచుతోంది అని. అబద్ధాలు, అతన్నెప్పుడూ ముట్టుకోలేదు.

ఎనిమిదీ పది. నేస్తం అక్కడ రైటు వింగులో, మబ్బు అంచున, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని ఊపిరి తీసుకుంటోంది. చిన్నప్పటి నుంచీ అంతే, అలసిపోతే నడుం మీద చెయ్యి వెయ్యదు, మోకాళ్ళ మీద వేస్తుంది. ఆమెకి ఒక పేరుంది, మంచి పేరు, చొక్కా వెనకాల అచ్చేసి కూడా ఉంది, సోములమ్మ ఆ అచ్చు వైపు చూడదు. నేస్తం కట్టుకున్నవాళ్ళు ఒకరి పేరు ఒకరు పలకరు, మనసులోనైనా అనుకోరు, ఇది ఈ కొండల్లో అందరికీ తెలిసిందే. సోములమ్మ అనుకోని పేరు మనకి మాత్రం ఎందుకు, నేస్తమనే అందాం. పదకొండేళ్ళప్పుడు కట్టారు వాళ్ళిద్దరికీ, చైత్రంలో వచ్చే ఇటుకల పండగ నాడు, సోములమ్మ తాత గాసి ఇంటి ముందర. ఒకరి కొప్పులో పువ్వు తీసి ఒకరికి పెట్టారు, నుదుట బియ్యం అద్దారు, ఒకే అడ్డాకు విస్తరిలో ఇద్దరి చేతా అన్నం తినిపించారు. అప్పుడు గాసి తాత చెప్పాడు, ఇకనించి మీ ఇద్దరిదీ ఒకటే కంచం, దాని తల్లి నీ తల్లి, నీ చావుకి అది మైల పట్టాలి, ఒకరి మీద ఒకరు చెయ్యెత్తకూడదు, ఎత్తితే ఆ దోసం మీతో పోదు, ఊరికంతా తగుల్తాది. పిల్లలు కదా, చాలా భయపడ్డారు, ఒకరి చెయ్యి ఒకరు గట్టిగా పట్టుకుని భయపడ్డారు.

అంతకు ముందు మాత్రం ఎంత కొట్టుకున్నారని. నవ్వొస్తుంది తలుచుకుంటే. ఆశ్రమ పాఠశాల హాస్టల్లో మొదటి చలికాలం, ఇద్దరికీ కలిపి ఒకటే దుప్పటిచ్చారు, ఆ దుప్పటి కోసం మూడు రోజులు యుద్ధం, నేస్తం చిన్నది గనక చేతుల్తో కాక పళ్ళతో వచ్చేది, సోములమ్మ కుడి మణికట్టు మీద ఆ పళ్ళ గుర్తులు ఇప్పటికీ నాలుగు తెల్ల చుక్కలు. మూడోనాడు పైడయ్య సారు వరండాలో వాళ్ళని విడదీస్తూ, ‘ఈ బలం దుప్పటి మీదేటే, గ్రౌండుకి రండి’ అని చెవులు పట్టుకుని తీసుకెళ్ళి ఇద్దరికీ రెండు వెదురు కర్రలిచ్చారు, నిప్పుల మీద వంచినవి. హాకీ వాళ్ళకలా వచ్చింది. ఆ రాత్రి నుంచి ఒకే దుప్పట్లో వీపుకి వీపు ఆనించి పడుకున్నారు. ఒకే జట్టులో ఎనిమిదేళ్ళు ఆడారు, ఇది కొట్టి దారి చేస్తే అది పోయి గోలు చేసేది, ఇప్పుడు హేమలతకి చేస్తున్నదంతా అప్పుడు నేస్తానికి చేసిందే, అసలు కొట్టడం నేర్చుకున్నదే నేస్తం కోసం. తర్వాత నేస్తానికి డొంకరాయిలో పవర్‌హౌసులో కాంట్రాక్టు పని చేసేవాడితో పెళ్ళైపోయింది, ఎంత దూరమో, మధ్యలో ఎన్ని ఘాట్లో. ఇక చూసుకోవడమంటే ఏడాదికొకసారి, ఈ టోర్నమెంటుకే. ఏడాదంతా ఈ ఒక్క రోజు కోసం సోములమ్మ పసుపు కొమ్ములు దాచిపెడుతుంది, నేస్తం సీలేరు చేపలు ఎండబెట్టి తెస్తుంది.

ఈల. షార్ట్ కార్నరు, డొంకరాయికి. సోములమ్మ కుర్చీలోంచి సగం లేచింది, మేడం కళ్ళతోనే కూర్చోమంది. బంతి వచ్చింది, ఆపారు, కొట్టారు, గోలు కాస్తున్న జయశ్రీ కాలు అడ్డం పెట్టింది, ప్యాడుకి తగిలిన చప్పుడు ఇక్కడికి వినబడింది, బంతి బయటికిపోయింది. అమ్మయ్య అనుకుని కూర్చుంది. ఆరున్నర. పది మందితో ఎంతసేపని కాస్తారు పాపం, తను లేని ఎడం పక్క నుంచే వస్తున్నారు అన్నీ, ఎందుకు రారు, వాళ్ళేం తెలివితక్కువవాళ్ళా. తను ఉన్నా అటే వచ్చేవాళ్ళు కదా. అది నిజం, ఆ నిజానికి ఒళ్ళంతా వేడెక్కింది ఈ ముసుర్లో కూడా. తను ఉన్నా అటే వచ్చేవాళ్ళు, నేస్తాన్ని అటు వైపే పెట్టేవాళ్ళు, పదకొండేళ్ళ నుంచీ అటే పెడుతున్నారు, ఎందుకంటే గ్రౌండులో ఉన్న పిల్లా జెల్లా అందరికీ తెలుసు, సోములమ్మ ఎవరినైనా కొడుతుంది, నేస్తాన్ని కొట్టదు.

మొదటిసారి ఎదురుపడింది గుర్తుంది. నేస్తం పెళ్ళైన మరుసటేడు, పచ్చ చొక్కా వేసుకుని బంతి తీసుకుని తన మీదికే వస్తోంది, ఇద్దరికీ మధ్య నాలుగు బారలు, అప్పుడు కూడా కాళ్ళే, ఆలోచన కాదు, ఎడం కాలు దానంతటది అర అడుగు వెనక్కి జరిగింది. అర అడుగే. చూసేవాళ్ళకి జారినట్టుంటుంది. ఆ అర అడుగు సందులోంచి నేస్తం దూరిపోయి గోలు చేసింది. సారు అరిచారు, తను జారిందంది. ఆ మరుసటేడు కూడా జారింది. నాలుగు ఫైనల్సు అలా జారి ఓడారు, ఇక ఎవరూ జారావా అని అడగడం మానేశారు, అడగకపోవడం కూడా ఒక మర్యాదే, కొండల్లో నేస్తరికం అంటే తెలిసినవాళ్ళు గనక ఊరుకున్నారు. ఈ ఏడు మాత్రం మ్యాచికి ముందు పైడయ్య సారు పక్కకి పిలిచారు. కోప్పడలేదు, కోప్పడితే బాగుండేది. ‘సూడు సోములూ, గెలిస్తే ఈ గుంట స్టేటుకి ఆడతాది, అక్కడ సెలెక్టర్లు సూస్తారు దీన్ని. నీ నేస్తరికం నేను కాదన్ను. ఒక్క రోజు పక్కన పెట్టగలవేటో సూడు’ అన్నారు. హేమలత అటు తిరిగి సాక్సు లాక్కుంటోంది, వినబడనట్టు.

దాన్నయితే కొట్టావు. కోపంగా అందా? మా జట్టు పిల్లని కొడతావా అనా? కోపమైతే నేస్తం గొంతు సన్నబడుతుంది, ఇది సన్నబడలేదు. ఎగతాళా? ఎగతాళి చేసేటప్పుడు కళ్ళు చిన్నవి చేస్తుంది, మొహం చూపించలేదే. ఒకసారి హాస్టల్లో సోములమ్మ జ్వరం పడి లేచి, వాళ్ళూరి నుంచి వచ్చిన పనసతొనలు పక్క మంచం పిల్లకి ముందు ఇచ్చి నేస్తానికి తర్వాత ఇచ్చింది, అప్పుడు కూడా ఇదే గొంతు, దానికైతే ఇచ్చావు. అదే గొంతు, ముద్దగా, కిందికి, అన్నం గొంతులో ఉన్నట్టు. కానీ పనసతొన ఇచ్చినందుకు అలిగితే అర్థముంది, దెబ్బ కొట్టినందుకు అలిగేదేమిటి. దెబ్బలో పంచుకునేందుకేముంది. పిచ్చిదా ఏమిటి ఇది, అనుకుంది సోములమ్మ, అనుకుని నవ్వబోయింది, నవ్వు సగంలో ఆగిపోయింది.

ఎందుకంటే పోయినేడు మ్యాచయ్యాక ఈ గ్రౌండు పక్క చెట్టు కింద, మెట్ల మీద, ఇద్దరూ కూర్చుని తిన్నారు. గెలిచింది డొంకరాయి, గెలిపించిన గోలు నేస్తానిది. వాళ్ళ జట్టంతా కప్పు నెత్తిన పెట్టుకుని ధింసా ఆడుతుంటే నేస్తం ఇక్కడ మెట్ల మీద చేప ముల్లు తీస్తూ కూర్చుంది, తినలేదు, తీసిన ముల్లునే మళ్ళీ తీసింది. వెళ్ళి ఆడు నేస్తం అంటే, వద్దులే అంది. గోలు కొట్టాక కూడా చెయ్యెత్తదు, మెల్లగా నడిచి వెనక్కి వెళ్ళిపోతుంది, ఎప్పుడూ. ఎంత అణకువ అని మురిసిపోయింది సోములమ్మ, నన్ను ఓడించినందుకు బాధపడుతోంది కాబోలు, నా నేస్తం బంగారం అని ఊరంతా చెప్పుకుంది. ముంచింగిపుట్టు సంతలో వాళ్ళూ వీళ్ళూ అనేవారు, అది కొట్టిన గోలేటి, సోములు ఇచ్చిన గోలు కదా అని. తను నవ్వేసేది. ఇచ్చినదాన్నే కదా, నవ్వుతాను. ఆ మాట డొంకరాయిలో కూడా అనుంటారని, అక్కడ నేస్తం మొహం మీదే అనుంటారని, తొమ్మిది గోల్సు కొట్టినదాన్ని నలుగురూ ఒక్క గోలూ కొట్టనిదానిలా చూసుంటారని, సోములమ్మకి ఈ ఊగే కుర్చీలో కూర్చునే దాకా ఒక్కసారైనా తోచలేదు. ఒక్కసారైనా.

నాలుగు నిమిషాలు. బురదలో హేమలత మళ్ళీ పడింది, ఈసారి ఎవరో కాలు పెట్టారు, లేచింది, చొక్కాకి మొహం తుడుచుకుంది. ఈ పిల్ల జట్టులోకొచ్చిన కొత్తలో, మొదటి నాకౌటు మ్యాచిలో, దెబ్బ తగిలి టెంటు వెనకాల కూర్చుని ఏడ్చింది, నన్నే ఎందుకు కొడతారు అక్కా, ఇంకెవరినీ కొట్టరు, నన్నే కొడతారు అని. సోములమ్మ దాని ముక్కు తుడిచి, ‘పిచ్చి గుంటా, పనికిరానోళ్ళనెవరైనా కొడతారేటే? నువ్వంటే భయం గనక కొట్టారు, లే’ అంది. అనేటప్పుడు పెద్ద విషయం చెబుతున్నాననుకోలేదు, ఏడుపు ఆపాలని అంది. ఇప్పుడా మాట తన చెవిలో తనకే ఎవరో చెప్పినట్టు వినబడింది. పనికిరానోళ్ళనెవరూ కొట్టరు. తను భానుశ్రీని కొట్టింది, ఎందుకంటే భానుశ్రీ వస్తే భయం. ఎవరినెవరినో కొట్టింది, పేర్లు కూడా గుర్తులేవు, భయపడ్డ ప్రతిదాన్నీ కొట్టింది. అందర్లోకీ భయపడాల్సిన మనిషిని, ఈ కొండల్లో బంతి కాలికి కట్టేసుకున్నట్టు ఆడే ఒకే ఒక్క మనిషిని, దారిచ్చి పంపింది, చంటిదాన్ని గుమ్మం దాటించినట్టు. పదకొండేళ్ళు. అయ్యో తల్లీ, ఎంత పని చేశాను, అని పైకే అంది, మేడం ఏమిటన్నట్టు చూసింది, ఏం లేదు మేడం అంది.

అయినా చెయ్యెత్తకూడదు కదా. గాసి తాత పోయి ఆరేళ్ళైంది, ఆయనుంటే ఫోన్ చేసి అడిగేది, తాతా, భుజం చెయ్యి కిందికొస్తుందా రాదా అని. ఆయన హాకీ చూసినవాడు కాడు, ఆయనకి తెలిసిన కొట్లాటలు వేరు, కల్లు దగ్గరివి, పోడు గట్ల దగ్గరివి. ఆట అంటే ఆయన ఏమనేవాడో. తను అనుకున్నది తప్పైతే? ఆ మాట నిజంగా కోపంతో అన్నదే అయితే, తను పోయి ఆ మనిషిని గుద్దితే, ఒకే విస్తరి తిన్న మనిషిని ఇంతమంది ముందర బురదలో పడేస్తే, రేపటి నుంచి నేస్తం లేదు. ఎండుచేపలు లేవు, ఏడాదికొక రోజు లేదు, పేరు పెట్టి పిలవచ్చు ఇక, ఎవరైనా పిలుస్తారు పేరు పెట్టి, దానికేం. సరే తప్పు కాకపోతే? తప్పు కాకపోయి తను మళ్ళీ అర అడుగు జరిగితే, ఈసారి తెలిసి జరిగినట్టు. తెలియక చేసింది వేరు. తెలిసి ఇంకొక్కసారి ఆ మనిషిని గుమ్మం దాటిస్తే అంతకంటే పెద్ద దెబ్బ ఉండదు. హేమలత స్టేటు సంగతి కూడా ఉంది, సారు మొహం ఉంది, అవన్నీ ఉన్నాయి, కానీ వాటికోసమైతే ఆ కాలు ఎప్పుడో ఆగేది, పదకొండేళ్ళలో ఆగలేదు. తన మీద తనకే ఒళ్ళు మండింది. ఎప్పుడూ అడగలేదే, నీకెలా ఉంది నేస్తం అని, చేపలు బాగున్నాయనే చెప్పింది ప్రతిసారీ.

ముప్పై సెకన్లు. లేచి నిలబడి కర్ర పిడికి చుట్టిన గుడ్డ పిండింది, నీళ్ళు కారాయి. పైడయ్య సారు గీత దగ్గర నిలబడి ఉన్నారు, తలకి తువ్వాలు. మేడం పొమ్మని చెయ్యూపింది. సోములమ్మ పరిగెత్తుకుంటూ తన కన్నంలోకి పోయి నిలబడేసరికి మబ్బు ఇంకా కిందికొచ్చేసింది, గట్టు మీది జనం గొంతులే వినబడుతున్నాయి, మొహాలు లేవు, బుధు ఎక్కడో ఉన్నాడు వాళ్ళలో. జయశ్రీ వెనకనుంచి బేగి రావే తల్లీ అంది. రెండు నిమిషాలు. బంతి ఒకసారి అటుపోయింది, హేమలత తీసుకుంది, పోగొట్టుకుంది. భానుశ్రీ అందుకుంది, తలెత్తి చూసింది, ఎక్కడికి పంపాలో ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేదు, పంపింది.

నేస్తం వస్తోంది. మబ్బులోంచి ముందు పచ్చ రంగు కనబడింది, తర్వాత మనిషి, ముందుకి వంగి, బంతి కర్రకి అతుక్కుని, ముప్పై మూడేళ్ళ మనిషి, ఇద్దరు పిల్లల తల్లి, ఇంకా అదే పరుగు. నాలుగు బారలు. సోములమ్మ ఎడం కాలు అలవాటుగా కదలబోయింది, ఆ కాలిని ఆమె చూసింది, నిజంగానే తలొంచి చూసి, నీ అమ్మ కడుపు కాలా ఆగు అని తిట్టింది, ఆగింది. నేస్తం కళ్ళెత్తింది. ఆ కళ్ళలో ఏముందో చూసే టైము లేదు, సోములమ్మ అప్పటికే బయల్దేరిపోయింది, కుడి భుజం ముందుకి, బస్తాల భుజం, మొత్తం బరువంతా, ఏమీ దాచుకోకుండా. తగిలింది. ఒళ్ళు ఒళ్ళుకి తగిలి రెండు ఊపిర్లు ఒక్కసారే హుక్కున బయటికొచ్చాయి, నేస్తం నోట్లోంచి ఒక కేక, నొప్పిదే, కాళ్ళు నేలవదిలి పక్కకి పోయింది, పడిపోతోంది, మోకాలు ఆనింది, పడలేదు. ఎలా పడలేదో సోములమ్మకి ఇప్పటికీ తెలియదు. తడి బస్తా అది. ఒక మోకాలి మీదే గిర్రున తిరిగి కర్రని తిరగేసి బంతిని సోములమ్మ రెండు కాళ్ళ మధ్యలోంచి లాగేసుకుంది, సోములమ్మ చెయ్యి చాచింది, కర్ర చాచింది, ఒళ్ళంతా చాచింది, అందలేదు, బోర్లా పడింది, నోట్లోకి బురద. వెనకాల గోలు చెక్కకి బంతి తగిలిన చప్పుడు విన్నది, చూడలేదు. అంపైరు దెబ్బకి ఈల ఊదబోయి, బంతి నేస్తం దగ్గరే ఉందని ఊరుకున్నాడట, గోలుకే ఊదాడు. ఒకటీ ఒకటి, ఆ వెంటనే టైమైపోయిందని పెద్ద ఈల.

గట్టు మీద ముంచింగిపుట్టు జనం ఉసూరుమన్నారు. మబ్బులో వాళ్ళకేం కనబడింది, పచ్చ చొక్కా వచ్చింది, సోములమ్మ పక్కకి పడింది, గోలు, ప్రతి ఏడూ చూసేదే. ఇచ్చేసింది మళ్ళీ, అని ఎవరో అన్నారు. పైడయ్య సారు తువ్వాలు తీసి నేలకేసి కొట్టి, ఇంత వయసులో లోపలికి నాలుగడుగులు వచ్చేసి, ‘వదిలేసావు కదే. సెప్పి సెప్పి నా నోరు పడిపోయింది కదే’ అన్నారు. సోములమ్మ లేచి కూర్చుని బురద ఉమ్మింది. లేదు సార్ నేను నిజంగానే ఆపలేకపోయానంటే ఎవరు నమ్ముతారు, పైగా ఆమెకి ఏడుపొస్తోంది, నవ్వొస్తోంది, కోపం కూడా వస్తోంది, అసలైన కోపం, ఎలా పోయింది అది, నా అంత బరువు తగిలాక కూడా ఎలా పోయింది, ఎప్పుడు నేర్చుకుంది ఆ తిరగడం, ఇంకొక్కసారి రమ్మను చూస్తాను.

నేస్తం వచ్చింది. కుంటుతోంది, ఎడం చేతిని కుడి చేత్తో పట్టుకుని. తన జట్టు పిలుస్తున్నా అటు పోకుండా సోములమ్మ పక్కనుంచి నడిచి నేరుగా పైడయ్య సారు ముందుకెళ్ళి నిలబడింది. చిన్నప్పుడు చెవి పట్టుకుని గ్రౌండుకి తెచ్చిన మాస్టారు, ఆయన ముందర తలెత్తి మాట్లాడినదే కాదు ఎప్పుడూ. ‘వదిలేసిందా సార్’ అంది, ఎడం చొక్కా చెయ్యి భుజం దాకా మడిచింది, మోచేతి పైనుంచి భుజం దాకా కమిలి ఎర్రగా, అప్పుడే నీలం తిరుగుతూ, పెద్ద చెయ్యంత గుర్తు. ‘ఇది సూడండి. సూసి సెప్పండి వదిలేసిందో లేదో.’ సారు చూశారు. తువ్వాలు తీసుకుని దులుపుకున్నారు. ఆమె అక్కడితో ఆగిందా, భానుశ్రీకి చూపించింది, అంపైరుకి చూపించింది, గట్టు దగ్గరికి పోయి మబ్బులో మొహాలు దగ్గరగా పెట్టి చూస్తున్న జనానికి, వాళ్ళలో మన బుధుకి కూడా, కొత్త గాజులేయించుకున్న ఆడపిల్లలా ఆ చెయ్యి తిప్పి తిప్పి చూపించింది. తర్వాత రెండు చేతులూ పైకెత్తి, ఎడంది సగమే లేచింది, తన జట్టులోకి పరిగెత్తింది.

అంపైర్లు షూటౌటు కోసం బంతులు తెమ్మంటున్నారు. గెలుపు ఇంకా తేలలేదు, హేమలత ఎప్పుడొచ్చి పక్కన నిలబడిందో అక్కా లే అని చెయ్యిస్తోంది. సోములమ్మ లేచింది. అవతల గీత దగ్గర నేస్తం ఆ చేతి మీద నీళ్ళు పోసుకుంటూ పళ్ళు బిగించి, మళ్ళీ ఇటు చూసింది. నొప్పెట్టిందా నేస్తం, అని సోములమ్మకి నాలిక చివరి దాకా వచ్చింది. అడగలేదు.